అప్పయమ్మ సాక్ష్యం మార్చిన ఆదివారం

భిలాయిలో ఒక పెద్దావిడ ఉంది. ఒక ఆదివారం ఆవిడ ఆరాధన మధ్యలో లేచి, పాస్టరుగారిని రెక్క పట్టుకుని వేదిక మీంచి దింపి, చొక్కా చెయ్యి పైకి మడిపించి, పధ్నాలుగేళ్ళ ఆడపిల్లలకు వేసే టీకా ఆయన జబ్బకు పొడిపించింది. సంఘమంతా లేచి నిలబడి హల్లెలూయ అంది.

పొడిపించలేదనుకోండి. రెక్క కూడా పట్టుకోలేదు. హల్లెలూయ అన్నది ఒక్కరే, అది కూడా చెవుడు వల్ల. కానీ పాస్టరుగారు వేదిక దిగిన మాట నిజం. ఆ వేదిక ఎత్తెంతని అడగకండి, నాలుగు వరసల ఇటుకలు. అయినా సత్యప్రసాద్ పాస్టరుగారు ఆరాధన ముగియకుండా దాన్ని దిగడం ఆ సంఘం అంతవరకూ ఎరగదు. దించిన మనిషి పేరు అప్పయమ్మ.

అప్పయమ్మ పుట్టింది భిలాయిలోనే, క్యాంప్ 1 అనే బస్తీలో. ఉక్కు ప్లాంటు కడుతున్న రోజుల్లో వాళ్ళ నాన్న పాలకొండ దగ్గర్నుంచి పనికోసం వచ్చి అక్కడే ఉండిపోయాడు. సింహాద్రి అప్పన్న పేరు కూతురికి పెట్టుకున్నాడు. తర్వాత తల్లి ఆ సందుల్లో జరిగే ప్రార్థనలకు వెళ్ళి బాప్తిస్మం తీసుకుంది, కూతుర్ని కూడా తీసుకెళ్ళింది. పిల్ల పేరు మారుద్దామని అప్పటి పాస్టరు అంటే, "పేరు దాని నాన్న పెట్టినాడు. దాని జోలికి పోకండి. మిగతా పిల్లంతా మీదే" అందట.

ఆ పిల్లకు రైల్వేలో గూడ్సు గార్డు సత్యారావుతో పెళ్ళయింది. సత్యారావు హిందువు. పొద్దున పంతులుగారు పెళ్ళి చేశారు, సాయంత్రం పాస్టరు చేశారు, భోజనాలు మాత్రం ఒక్కసారే పెట్టారు. రిటైరయ్యాక భిలాయిలోనే మరోదా అనే పేటలో చిన్న ఇల్లు కట్టుకున్నారు. ముందు గదిలో ఒక గోడకు సింహాచలం పటం, ఎదుటి గోడకు వాక్యాల క్యాలెండరు. ఒకరి గోడ ఒకరు తుడవరు, ఒకరి గోడ మీద ఒకరు మేకు కొట్టరు. ప్రతి ఆదివారం సత్యారావు భార్యను స్కూటరు మీద చర్చి దగ్గర దింపి, ఎదురుగా టీ కొట్లో పేపరు చదువుతూ కూర్చుంటాడు. లోపలికి రండని పాస్టరుగారు పిలిస్తే, "గార్డుని కదండీ, ఆఖరి పెట్టెలో కూర్చునే అలవాటు" అని తప్పించుకునేవాడు.

అప్పయమ్మ పాట ఎత్తుకుంటే ఎవరికీ అందని శ్రుతిలో ఎత్తుకుంటుంది. రెండో చరణానికి మగవాళ్ళు నోళ్ళు మూసుకుంటారు. స్త్రీల సమాజానికి ఆవిడే పెద్ద. సంఘ భోజనాలకు చేపల పులుసు ఆవిడ చెయ్యి పడితేనే. అయితే ఆవిడకు అసలు పేరు తెచ్చింది పాటా కాదు, పులుసూ కాదు. సాక్ష్యం.

దేవుడు తనకు చేసిన మేలును ఏడాదికోసారి ఆ మేలు జరిగిన రోజుల్లోనే సంఘం ముందు నిలబడి చెప్పడం అక్కడి ఆనవాయితీ. అప్పయమ్మకు ఒకప్పుడు పెద్ద జబ్బు చేసింది. రాయపూర్ పెద్దాసుపత్రిలో ఆపరేషను చేసి, తర్వాత కరెంటు పెట్టారు, అదే రేడియేషను. బతకదనుకున్న మనిషి బతికింది. మొదటిసారి సాక్ష్యం చెప్పేటప్పుడు మగవాళ్ళ ముందు గర్భసంచి అనలేక "కడుపులో కణితి" అంది. ఆ మాటే స్థిరపడిపోయింది. మొదటి ఏడు నిమ్మకాయంత ఉన్న కణితి, సంఘం ఉత్సాహం చూసి ఏటేటా పెరిగి కొబ్బరికాయంత అయింది. చరోదా, దల్లీ రాజ్‌హరా ఊళ్ళ సంఘాల వాళ్ళు కూడా కూడికలకు పిలిచి చెప్పించుకునేవారు. కణితిగా చెప్పడంలో అబద్ధం ఉందని అప్పయమ్మ ఎన్నడూ అనుకోలేదు. జబ్బు జబ్బే, బతకడం బతకడమే.

కథ మొదలైంది ఆవిడ కోడలు కల్యాణి దగ్గర.

ఆ సంఘంలో శుక్రవారం ఉపవాస ప్రార్థనలో ఎవరి మనవి వాళ్ళు పైకి చెప్పాలి. పరీక్షలు, ఇంటర్వ్యూలు, మోకాలి నొప్పులు, క్వార్టరు ఎలాట్‌మెంట్లు, అన్నీ అక్కడికే వస్తాయి. బలరాం అనే ఆయన పాత బైకు అమ్ముడుపోవాలని వేసవంతా ప్రార్థన చేయించాడు. మనవి చెప్పకుండా ఏ పనైనా చేస్తే దేవుడు క్షమిస్తాడేమో గానీ సంఘం క్షమించదు. అందుకని కల్యాణి కూడా లేచింది.

"మా అమ్మాయి కృష్ణప్రియని సోమవారం టీకాకి తీసుకెళ్తున్నామండీ. జ్వరం అదీ రాకుండా ప్రార్థన చెయ్యండి."

"పధ్నాలుగేళ్ళ పిల్లకి టీకా ఏంటమ్మా?" అన్నారు పాస్టరుగారు.

"ఆడపిల్లలకి కొత్తగా వేస్తున్నారు కదండీ, ఫ్రీగా. గర్భసంచి ముఖద్వారానికి కేన్సర్ రాకుండా."

చాప మీద కూర్చున్న గున్నమ్మకు అన్నీ వివరంగా కావాలి. "కేన్సరుకి టీకా ఏటే? అదేటి అంటురోగమా? ఎలగ వస్తాదట?"

కల్యాణి భిలాయిలోనే పుట్టి పెరిగిన పిల్ల, అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పడం స్కూల్లో నేర్చుకుంది. "వైరస్ అంటండీ. వో... ఫిజికల్ రిలేషన్ సే..." అంది. శారీరక సంబంధం వల్ల అనే ఆ ముక్క హిందీలో అంది. తెలుగులో కంటే హిందీలో సిగ్గు కొంచెం తక్కువ. కానీ అక్కడ హిందీ రానివాళ్ళు ఒక్కరూ లేరు.

పాస్టరుగారు గొంతు సవరించుకుని, "సరే, తర్వాతి మనవి" అన్నారు. కల్యాణి చెమట తుడుచుకుని కూర్చుంది.

సత్యప్రసాద్ పాస్టరుగారు చెడ్డమనిషి కాదు. ఎవరింట్లో చావైనా ముందుగా వచ్చేదీ, ఆఖరున వెళ్ళేదీ ఆయనే. కానీ ఆయనకు ఇద్దరు కూతుళ్ళున్నారు, చేతిలో ఫోన్లున్న సంఘం పిల్లలు ఇంకా చాలామంది ఉన్నారు, రాత్రుళ్ళు నిద్ర పట్టదు. ఆదివారం ప్రసంగంలో ఆ సంగతి ఎత్తారు.

"గొడుగు ఎవడు కొంటాడు? వానలోకి వెళ్ళేవాడు. ఇంట్లో ఉండేవాడికి గొడుగెందుకు? పవిత్రంగా పెరిగే పిల్లకి ఈ టీకా ఎందుకు? పాపానికి భయం ఒక కంచె. ఆ కంచె మనమే తీసేసి, పిల్లల్ని మనమే బయటికి పంపుదామా?"

తలలు ఊగాయి. అప్పయమ్మ తల కూడా ఊగింది, తన కణితీ ఆ జబ్బూ ఒకటేనని అప్పటికి ఆవిడకు తట్టలేదు.

ఇంటికొచ్చాక కల్యాణి టీకా మాట మానేసింది. కృష్ణప్రియ మానలేదు. ఆ నెల దాటితే ఆ పిల్లకు పదిహేను నిండుతాయి, ఆ పైన ఈ టీకా వరసలోకి రాదు.

"మమ్మీ, మా క్లాసులో సబ్ లడ్కియా వేయించుకున్నారు. నేనొక్కదాన్నే ఎందుకు వద్దు?"

"పాస్టరుగారు చెప్పింది విన్లేదా?"

"విన్నా. మై తో కహీ గయీ హీ నహీ, ఏ వానలోకీ వెళ్ళనే లేదు. స్కూలు, ట్యూషను, చర్చి. టీకా అడిగితే చెడ్డపిల్లనా?"

"నువ్వు కావని నాకు తెలుసే. రేపు చర్చిలో నిన్ను చూసి ఒక్కొక్కరూ ఒక్కో మాట అంటే నేను వినలేను." కల్యాణి కూతురి చున్నీ సర్దింది. "పాస్టరుగారు తన నోటితో సరే అంటే వేయిస్తా. లేకపోతే లేదు."

వంటింట్లో వింటున్న అప్పయమ్మ, "ఆయన అన్నాక మరేటుంది" అంది.

ఆ వారంలోనే ఆవిడ ఏడాదికోసారి చేయించుకునే పరీక్షకు రాయపూర్ వెళ్ళింది. సత్యారావు బయట బల్ల మీద కూర్చున్నాడు. లోపల డాక్టరమ్మ అంతా బాగుందని చెప్పి పంపేస్తుంటే, గుమ్మం దగ్గర అప్పయమ్మకు తన గుంట, అదే మనవరాలి, మాట గుర్తొచ్చి వెనక్కి తిరిగింది. ఆడపిల్లలకు వేస్తున్న టీకా మంచిదేనా అని అడిగింది.

డాక్టరమ్మ ఆశ్చర్యపోయింది. "మీరడుగుతున్నారా అమ్మా? మీకొచ్చింది ఆ జబ్బే కదా. అప్పట్లో ఈ టీకా ఉండి ఉంటే మీకు ఆపరేషనే ఉండేది కాదేమో."

అప్పయమ్మ మళ్ళీ కుర్చీలో కూర్చుంది. "నాకెలగొచ్చింది? నేనలాంటి మనిషిని కాను."

అది మంచి చెడ్డలు చూసుకుని రాదని డాక్టరమ్మ చెప్పింది. కాపురం చేసే మనుషుల్లో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు తగులుతుందనీ, ఎక్కువమందికి దానంతటదే పోతుందనీ, కొందరు ఆడవాళ్ళలో ఉండిపోయి ఏళ్ళ తర్వాత కేన్సరవుతుందనీ చెప్పింది. మగవాడికి తనలో ఉన్నట్టు కూడా తెలియకపోవచ్చంది. మీరు మీ ఆయన్ని తప్ప ఎరగకపోయినా చాలు, ఆయన ద్వారా వస్తుంది అంది. ఆయనకెప్పుడు తగిలిందో, ఎలా తగిలిందో ఇప్పుడు ఎవరూ చెప్పలేరంది.

తిరుగు రైల్లో మొగుడూ పెళ్ళాలకు కిటికీ పక్క సీట్లు దొరికాయి. డోంగర్‌గఢ్, గోందియా, బిలాస్‌పూర్, ఆ రన్నింగ్ రూముల్లో, డ్యూటీ సిబ్బంది బస గదుల్లో, సత్యారావు పడుకున్న రాత్రులు అప్పయమ్మకు ఒక్కొక్కటే కళ్ళముందు కదిలాయి. ఇన్నేళ్ళూ ఆ రాత్రుల గురించి ఆవిడకున్న ఒకే ఒక్క చింత, అక్కడి మెస్సులో పప్పు ఉడుకుతుందా లేదా అని.

"ఏటండీ, నా కణితి ఎలగొచ్చిందో డాక్టరమ్మ చెప్పీసింది."

"ఎలగ?"

"మీ నుంచి."

సత్యారావు పేపరు మడిచాడు. మడిచిన పేపరును మళ్ళీ మడిచాడు. అప్పయమ్మ విన్నదంతా చెప్పింది, గొంతు తగ్గించి, ఎదుటి సీటాయన నిద్రపోతున్నాడో లేదో చూసుకుంటూ.

"అయితే ఇప్పుడు నన్నేటి అడుగుతావు?" అన్నాడు అంతా విని.

"అడగను. అడిగితే ఏదో ఒకటి చెప్తారు. అవునంటే ఈ వయసులో మిమ్మల్నెక్కడ వదిలీను? కాదంటే నమ్మాలి. రెండూ నా వల్ల కావు."

సత్యారావు పేపరు సంచిలో పెట్టి, "గుంటకి టీకా వేయించీద్దాం. ఎవరికీ చెప్పొద్దు" అన్నాడు.

"దొంగతనంగానా? తప్పు చేసినట్టు? అప్పుడు ఆ పిల్ల నిజంగానే తప్పు చేసినాననుకుంటాది. కల్యాణి ఎలాగూ ఒప్పుకోదు, పాస్టరుగారు అనాలి." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆదివారం నా సాక్ష్యం ఉంది."

"కణితి అని ఊరూరా చెప్పుకున్నావు. ఇప్పుడు మారిస్తే అందరూ నన్ను చూస్తారే."

"మిమ్మల్నో, నన్నో. ఎవర్నో ఒకర్ని చూస్తారు."

కుమ్హారీ స్టేషను దాటింది. దాటాక కిటికీ వైపు చూస్తూనే, "నన్నే చూడనీ. నిన్ను చూస్తే నాకు బాగోదు" అన్నాడు.

ఆ ఆదివారం అతను స్కూటరుకు స్టాండు వేసి, టీ కొట్టు వైపు కాకుండా చర్చిలోకి నడిచాడు. ఆఖరి వరసలో ఇనప కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఎవరో పోయారనుకుని ఇద్దరు ముగ్గురు పక్కవాళ్ళను అడిగారు కూడా.

పాట అయింది. పాస్టరుగారు సంతోషంగా, "మన అప్పయమ్మగారి సాక్ష్యం. తెలిసిందే అయినా మళ్ళీ విందాం" అన్నారు. అప్పయమ్మ లేచి మైకు పుచ్చుకుంది. మైకు అక్కర్లేని గొంతు అది.

"ప్రభువుకి స్తోత్రం. నాను ఇన్నాళ్ళూ కణితి అని చెప్పినాను. అది కణితి కాదు. గర్భసంచి కేన్సరు. కొబ్బరికాయంత కూడా కాదు, అది నేనే పెంచినాను, దేవుడు క్షమించాలి." ఆడవాళ్ళ వైపు కొందరు నవ్వారు. "కల్యాణి ఆ శుక్రవారం అడిగిందే, ఆ టీకా ఆపేది ఆ జబ్బునే. పాస్టరుగారు గొడుగు మాట చెప్పినారు. అయ్యగారూ, నాను వానలోకి వెళ్ళలేదండీ. ఇంట్లోనే ఉన్నాను. తడిసినాను."

నవ్వులు ఆగిపోయాయి. మొదట ఒక తల, తర్వాత పది తలలు ఆఖరి వరస వైపు తిరిగాయి. సత్యారావు కుర్చీలో నిటారుగా కూర్చుని అందరినీ చూడనిచ్చాడు.

"అటేటి చూస్తారు?" అంది అప్పయమ్మ. "ఆయన్ని నేనే అడగలేదు. మీరెవరు అడగడానికి? ఇటు చూడండి."

తలలు ఇటు తిరిగాయి.

"మీ ఇళ్ళల్లో మగపిల్లలు ప్లాంటుకెళ్తారు. హెల్మెట్ పెట్టుకోకపోతే గేటు దాటనివ్వరు. హెల్మెట్ ఉంది కదా అని ఎవడైనా పోయి తల ఇనప స్తంభానికి కొట్టుకుంటాడా? కింద బుద్ధిగా నడిచేవాడి నెత్తిమీద, పైన ఇంకొకడు వదిలేసిన నట్టు పడితే?"

"అది నిజమే" అన్నాడు బలరాం, అనుకోకుండా పైకి. ఆయన ప్లాంటులో క్రేను కింద పనిచేసి రిటైరయ్యాడు.

పాస్టరుగారు చెయ్యి కొంచెం ఎత్తారు. ఆయన ముఖంలో కోపం లేదు, నిజంగానే అడుగుతున్నారు. "అమ్మా, మీ మాట కాదనను. కానీ భయం పోతే పిల్లలు దారి తప్పరా? నా బాధ అది."

"తప్పేవోళ్ళు భయం ఉన్నా తప్పుతున్నారు కదండీ. నాను ఈయన్ని తప్ప ఎవర్నీ ఎరగను. ఈ జబ్బుకి భయపడి అలగున్నానా? అప్పటికి దీని పేరే తెలీదు నాకు. దేవుడి ముందు మాటిచ్చినాను, ఉన్నాను. మా గుంట కూడా అలగే ఇస్తాది. రేపు దాని మొగుడెలాంటోడో దానికేటి తెలుసు, నాకేటి తెలుసు? దేవుడి ఆజ్ఞకి కేన్సరుని కాపలా పెట్టాలా, అయ్యగారూ? దేవుడు చాలడా?"

పాస్టరుగారు దిగింది అప్పుడే. ఇటుకల మీంచి నేల మీదికి వచ్చి, ముందు వరసలో ఖాళీ కుర్చీ పట్టుకుని నిలబడ్డారు. చెవుడున్న తాతగారు తిరుమలరావు, పాస్టరు దిగారు కదా, ప్రార్థన అయిపోయిందనుకుని, "హల్లెలూయ" అన్నారు గట్టిగా. ఎవరూ నవ్వలేదు.

"ఈ జబ్బు ఇలా మంచి ఇంట్లోకి కూడా వస్తుందని నేను ఆలోచించలేదు" అన్నారు పాస్టరుగారు. "గొడుగు మాట వెనక్కి తీసుకుంటున్నాను. పవిత్రత మాట మాత్రం తీసుకోను."

"అది తియ్యమని ఎవరన్నారండీ? గట్టిగా చెప్పండి. మగపిల్లలకి ఇంకా గట్టిగా చెప్పండి."

ఆడవాళ్ళ వైపు నుంచి "ఆమెన్" వచ్చింది, ఒక్కటి కాదు. ఆయన "కృష్ణప్రియా, ఇలా రా తల్లీ" అని పిలిచారు. ఆ పిల్ల చున్నీ తల మీదికి లాక్కుని వచ్చింది. ఆయన తల మీద చెయ్యి పెట్టి, సోమవారం టీకాకు జ్వరం రాకూడదనీ, ఈ పిల్ల దేవుడికిచ్చిన మాట మీద నిలబడాలనీ, రెండూ ఒకే ప్రార్థనలో అడిగారు. కల్యాణి ఏడ్చింది. ఆమెన్ అనగానే బలరాం, సందు దొరికింది కదా అని, బైకు సంగతి ఇంకా తేలలేదని గుర్తుచేశాడు.

సోమవారం కృష్ణప్రియ టీకా వేయించుకుంది. జ్వరం రాలేదు, చెయ్యి మాత్రం లాగిందట. ఆ తర్వాత పాస్టరుగారి చిన్నమ్మాయికి కూడా వాళ్ళమ్మ వేయించిందని సుపేలా బజారులో కూరగాయల దగ్గర అనుకున్నారు. సంఘంలో కొందరు వేయించారు, కొందరు ఇప్పటికీ వేయించలేదు.

అప్పయమ్మకు ఇది ఊరికే దక్కలేదు. దల్లీ రాజ్‌హరా వాళ్ళు ఆవిడను సాక్ష్యానికి మళ్ళీ పిలవలేదు. కణితిని దేవుడు తీసేశాడంటే పదిమంది కూర్చుని వింటారు, ఈ సాక్ష్యం వింటే సగంమంది లేచి పోతారు. గున్నమ్మ కొన్నాళ్ళు ఆవిడకు దూరంగా వేరే చాప మీద కూర్చుంది, పులుసు తిన్నా గిన్నె తిరిగివ్వడానికి మనవణ్ణి పంపింది. టీ కొట్లో సత్యారావును చూసి ఇద్దరు రిటైర్డు గార్డులు ఏదో అనుకుని నవ్వుకున్నారు. సత్యారావు టీ తాగి, డబ్బులిచ్చి, స్కూటరు తుడుచుకున్నాడు. ఇంట్లో ఆ మాట మళ్ళీ రాలేదు. రాత్రి అన్నాల దగ్గర ఆవిడ ఆయనకు పప్పు వడ్డిస్తుంది, ఆయన చాలంటాడు, ఆవిడ ఇంకొంచెం వేస్తుంది.

ఈ సంగతులన్నీ రాసి ఒక సాయంత్రం నేను అప్పయమ్మకు చదివి వినిపిస్తే, ఆవిడ చింతపండు పిక్కలు తీస్తూ చివరిదాకా విన్నది. సత్యారావు పక్క గదిలో ఉన్నాడు. తలుపు తెరిచే ఉంది. ఆవిడ ఆ తలుపు వైపు ఒకసారి చూసి, ఇటు తిరిగింది.

"అంతా అబద్ధం. ఇందులో ఒక్క ముక్క జరగలేదు. ఆ ఆదివారం నాను చర్చికే వెళ్ళలేదు, జ్వరం. మా ఆయన మీద ఎవరైనా ఏటైనా అంటే మాత్రం ఊరుకోను."